ఆయిల్ మూత మారిస్తే తీరేవి, తీరనివి

కారు బానెట్ ఎత్తగానే ఇంజన్ నెత్తిన, మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అనే భాగం మీద, నూనె డబ్బా బొమ్మ వేసిన నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ఆయిల్ పోసేది దాన్ని తీసే. సర్వీసింగ్ రోజున తప్ప దాని జోలికి ఎవరూ పోరు. అది వదులైనా, అంచు విరిగినా, ఆఖరికి ఎక్కడో ఊడిపడినా చాలామంది కంగారుపడరు. ఆయిల్ ఉండేది అడుగున కదా, పై మూత లేకపోతే కొంప మునిగిందా అనుకుంటారు. కానీ ఆ మూత పని ఆయిల్‌ను కప్పి ఉంచడం ఒక్కటే కాదు. ఇంజన్ లోపలి గాలిని బయటి గాలితో కలవనివ్వకుండా చూసే ఏర్పాటులో అదీ ఒక భాగం. అందుకే దాని రబ్బరు రింగు చెడితే మార్చడం వాయిదా వేయకూడదు. అదే కారణంగా, మూత దగ్గర కనిపించే ప్రతి తడికీ మూతనే దోషిగా నిలబెట్టకూడదు.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, సిలిండర్‌లో మండిన వాయువుల్లో కొంత వాటి పక్కనుంచి జారి కింద క్రాంక్‌కేసులోకి దిగుతుంది. మన మెకానిక్కులు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అందులో కాలని ఇంధనపు ఆవిరి, నీటి ఆవిరి, ఆయిల్‌ను చెడగొట్టే ఆమ్ల వాయువులు ఉంటాయి. ఒకప్పుడు వీటిని ఒక గొట్టంతో నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. వాహనాల పొగతో ఉక్కిరిబిక్కిరైన కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో దీనికి అడ్డుకట్ట వేసింది. ఆ వాయువులను తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చే పీసీవీ ఏర్పాటును తప్పనిసరి చేసింది. అమెరికాలో వాహన కాలుష్యాన్ని తగ్గించడానికి చట్టం అడిగిన తొలి సాంకేతిక ఏర్పాటు అదే. ఇవాళ మన కార్లు కూడా ఆ వాయువులను బ్రీదర్ పైపు ద్వారా ఇంజన్‌లోకే పంపుతాయి. ఈ దారి సరిగ్గా పనిచేయాలంటే మిగతా సందులన్నీ మూసి ఉండాలి. వాటిలో మనం చేత్తో తీసి పెట్టే పెద్ద సందు ఆయిల్ మూత.

పాత కార్లలో మూతలోంచే గాలి ఆడేది, వాటికేమైంది అని అడగవచ్చు. నిజమే, ఆ తరం ఇంజన్లలో కొన్నిటికి మూతలోనే జాలీ అమర్చేవారు. అయితే ఆ జాలీ దుమ్మును వడగట్టేది. విరిగిన మూత ఆ పని చేయదు. రెండో తేడా ఇంకా ముఖ్యం. ఆ కార్లు కార్బొరేటర్‌తో నడిచేవి. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఎయిర్ ఫిల్టర్ దాటాక ఒక సెన్సర్ ఉంటుంది. లోపలికి వెళ్లే గాలిని అది కొలిస్తే, ఆ లెక్క ప్రకారమే కంప్యూటర్ పెట్రోలు చల్లిస్తుంది. మూత సందులోంచి దూరిన గాలి ఆ లెక్కలోకి రాదు. దాంతో గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణుకుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఇక మూత పూర్తిగా లేకపోతే క్యామ్‌షాఫ్ట్ తిరిగే వేగానికి ఆయిల్ పైకి చిమ్ముతుంది. అది కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే ముందు పొగ, తర్వాత మంట కూడా రావచ్చు. తాత్కాలికంగా గుడ్డపేలిక కుక్కడం మరీ ప్రమాదం. దాని పోగులు లోపలికి జారితే అసలు మూత ధరకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

రింగు చెడిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంజన్ చల్లారాక మూత తిప్పి తీసి రింగును గోటితో నొక్కాలి. బాగున్న రబ్బరు లొంగి మళ్లీ పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి వేడికి ఉడికిన రబ్బరు గోటికి లొంగదు. గుండ్రంగా ఉండాల్సినది పట్టీలా అణిగిపోతుంది, వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. మూత అడుగున మజ్జిగలో కాఫీ కలిపినట్టు జిడ్డు పేరుకుని ఉంటే అది వేరే సంగతి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత బ్యాక్ కంప్రెషన్‌తో కిందికి చేరుతుంది. చలికాలంలో ఆదిలాబాద్‌లోనో, షికాగోలోనో ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి మాత్రమే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి చల్లటి మూతకు తగిలి నీరై, ఆయిల్‌తో కలిసి జిడ్డవుతుంది. ఒకసారి దూరప్రయాణం చేస్తే చాలావరకు పోతుంది. కానీ డిప్ స్టిక్‌కు అంటిన ఆయిల్ కూడా అదే రంగులో ఉండి, కూలెంట్ తరిగిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపడం ఆపి మెకానిక్‌ను పిలవాలి. కొత్త మూత ఆ రోగాన్ని కప్పిపెడుతుందే గాని కుదర్చదు.

మార్చే పని అయిదు నిమిషాలది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, మూత చుట్టూ ఉన్న దుమ్మును తీయకముందే తుడవాలి. లేకపోతే అదంతా లోపల పడుతుంది. ఎడమవైపు తిప్పి పాతది తీసి, ఆయిల్ పోసే నోటి అంచును కూడా శుభ్రం చేయాలి. అక్కడ పగులో గంటో ఉంటే ఏ మూత పెట్టినా కారుతుంది. కొత్త మూతను పాతదాని పక్కన పెట్టి మరలు లేదా చెవులు, లోతు, రింగు మందం ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. రింగుకు వేలితో కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి, కుడివైపు తిప్పి చేత్తోనే బిగించాలి. పానా, ప్లయర్ వాడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. తర్వాత డిప్ స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసి, బండి స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాల తర్వాత చుట్టూ గుడ్డతో తుడిచి తడి అంటుతుందేమో గమనించాలి.

మూతంతా ఎందుకు, రింగు మారిస్తే చాలదా అనేవారూ ఉంటారు. సరైన సైజు ఆయిల్ రింగు దొరికి, మూత బాగుంటే నిస్సందేహంగా చాలు. మామూలు నీళ్ల పంపు వాషర్ మాత్రం పనికిరాదు. వేడి ఆయిల్‌లో అది త్వరలోనే ఉబ్బుతుంది. మూత కొంటే చౌక నకలు కంటే మీ మోడల్‌కు చెప్పిన పార్ట్ నంబరు చూసి కొనడం మేలు. అసలు పరీక్ష ఆ తర్వాతే ఉంది. బ్రీదర్ పైపు జిడ్డుతో పూడుకుపోయినా, పిస్టన్ రింగులు అరిగినా క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, బాగున్న రింగు పక్కనుంచి కూడా ఆయిల్‌ను తోస్తుంది. ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ కారుతున్నా మరక మూత దగ్గరే ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకని కొత్త మూత పెట్టి కొన్ని వారాలు తిరిగాక మళ్లీ తడి కనబడితే మరో మూత కొనకండి. బ్రీదర్ పైపు, గ్యాస్కెట్, కంప్రెషన్ వరుసగా చూపించండి.