పులి పలికిన వాఙ్మూలము

పులికి సూది గ్రుచ్చి నెత్తురు తీయుట యెంత పనియో పాఠకు లూహింపగలరు. దానిని వెదకవలెను, తుపాకితో మత్తుమందు కొట్టవలెను, పడిపోయిన పిదప ప్రాణము పోకుండ కాచుకొనవలెను. ఇంత చేసి తీసిన నెత్తురులో ఆ మృగము దినదినము నెంత బెదరి బ్రదుకుచున్నదో తెలియునా? తెలియదు. తరిమిన కొలది నిమిషములలోనే దాని దేహమున బెదురు పొంగును. పరీక్షకుడు కొలుచునది తాను పుట్టించిన బెదురునే. కొట్టి యొప్పించిన నేరమువంటిది యీ సాక్ష్యము.

ఈ చిక్కును విడదీసినది పులిపెంట. వినుట కసహ్యమైనను నిజమిదియే. బెదరినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును నెత్తురులోనికి వదలును. కాలేయము దానిని విరిచి ప్రేగులలోనికి పంపును. కావున పెంటలోని శేషము ఆ క్షణపు ఉలికిపాటును గాక, గడచిన యొకటి రెండు దినముల స్థితిని తెలుపును. దానితో నూడివచ్చు ప్రేగుకణములనుబట్టి అది యే పులియో, ఆడుదో మగదో గూడ తేల్పవచ్చును. పెంట తాజాదై యుండవలెను. వానకు నానినది, ఎండకు మాడినది మోసము చేయును. ఇంతకును పులికి మాత్రము ఏమియు తెలియదు.

మనుష్యులకును ఈ మార్గమే పనికివచ్చినది. 2020లో కరోనా ప్రబలియున్న దినములలో హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధకులు ఎవరి ముక్కునను పుల్ల పెట్టకయే నగరపు మురుగునీటిని పరీక్షించి, ఇంచుమించు 6.6 లక్షల మందికి వ్యాధి సోకియుండునని అంచనా కట్టిరి. ఆనాటి అధికారపు లెక్కకు అది పలురెట్లు!

ఆ సీసీఎంబీవారికే అత్తాపూరులో లాకోన్స్ అను వన్యప్రాణి పరిశోధనశాల కలదు. రాజస్థానములోని సరిస్కా అడవిలో పులు లొక్కటియు మిగులలేదని 2004-05లో బయటపడినది. 2008లో రణథంబోరునుండి హెలికాప్టరుపై పులులను తెచ్చి విడిచిరి. 2012 వరకు పిల్ల కనబడలేదు. ఆ పులుల పెంటను లాకోన్స్‌వారు ఇతరులతో గూడి పరీక్షించి 2015లో ఫలితములను ప్రకటించిరి. మనుష్యులు, పశువులు, బాటలు చేరువైనకొలది బెదురు హెచ్చుచున్నదని తేలినది.

ఇట్టి మాట వినినంతనే అధికారులకు తోచు ఉపాయము మన మెరిగినదే: పల్లెలను లేవగొట్టుట. కట్టెలు కొట్టువాడు, గొఱ్ఱెలు కాచువాడు ముద్దాయిలు. పులి సాక్ష్యము అబద్ధమని మే మనము. ఊళ్లు కొన్ని కదలవలసియే యుండవచ్చును; భూమికి భూమి యిచ్చి, వారి సమ్మతితో కదల్పవచ్చును. కాని ఆ సాక్షి చెప్పినదానిలో సగమే విని తీర్పు వ్రాయుట న్యాయమా?

మిగిలిన సగము 2019లో వెలువడినది. మధ్యప్రదేశములోని కాన్హా, బాంధవగఢ్ అడవులలో అదే పరిశోధకులు పర్యాటకులు వచ్చు కాలమునను రాని కాలమునను పెంటను సేకరించి పోల్చిరి. పర్యాటకుల కాలమున బెదురు స్పష్టముగా హెచ్చియున్నది. బండ్లు పెరిగినకొలది అదియు పెరిగినది. పులిని ప్రేమించి వేలు వెచ్చించి చూడవచ్చినవారి జీపులు గూడ కాపరి మందవలెనే దానిని కలతపెట్టుచున్నవన్నమాట! మందకు దండుగ విధించు వనాధికారి, జీపునకు టిక్కెట్టు కోయును. రెండింటిని కొలిచిన కొలబద్ద యొక్కటియే. ఏ ద్వారమున నెన్ని బండ్లు పోవలెనో నిర్ణయించువారు ఈ లెక్కను ముందుంచుకొనుచున్నారా యని అడుగు హక్కు, ఇల్లు విడిచిపొమ్మని తాఖీదు అందుకొన్న ఆ పల్లెవానికి కలదు.