ఒకే శాసనము, ఒకే పన్ను

జవ్వాది కొండల చేరువనున్న ఒడుగత్తూరు మొదలు గుడియాత్తము వరకు గల పల్లెలలో ఇంట తెనుగును సంతలో తమిళమును మాటలాడుట వింతగా దోపదు. 1911 వరకు ఈ సీమ యంతయు చిత్తూరు ముఖ్యస్థానముగా గల ఉత్తరార్కాడు జిల్లాలోనిదే గనుక, గట్టు తగవు ముదిరి జిల్లా కోర్టు దాక బోయినచో, రైతు కాగితముల మూటను చంకనిడుకొని చిత్తూరు దారి పట్టవలసినదే. ఆ చిత్తూరి చెంతనే, కట్టమంచిలో, 1843లో జన్మించిన పనప్పాకము ఆనందాచార్యులు న్యాయపీఠ మెక్కలేదు. కాని న్యాయవాది వాక్కును రాజకీయములకు నేర్పినవారిలో అగ్రగణ్యుడు.

చెన్నపట్టణమున పచ్చయ్యప్ప పాఠశాలలో ఉపాధ్యాయుడై, కాయలి వెంకటపతిగారి కడ శిష్యరికము చేసి, 1869లో ఆయన వకీలయ్యెను. 1878లో ముత్తుస్వామి అయ్యరు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితుడు కాగా, భారతీయునికి అంతటి పదవి యేల యని దొరల పత్రికలు గోలచేసినవి. దానికి ప్రత్యుత్తరముగా తిరువల్లిక్కేణి సాహిత్య సంఘమునకు చెందిన యువకులు అప్పుచేసి ఎనుబది ప్రతులు అచ్చొత్తించిన వారపత్రికయే నేటి ‘హిందూ’. ఒక్క న్యాయమూర్తి కుర్చీనుండి ఒక పత్రిక పుట్టుట మన చరిత్రలో ముచ్చటైన ఘట్టము. ఆ సంఘముతో సాన్నిహిత్యము గల ఆనందాచార్యులు, 1884లో మద్రాసు మహాజనసభా స్థాపకులలో నొకడై, మరుసటి యేట బొంబాయిలో తొలి కాంగ్రెసునకు వచ్చిన డెబ్బదిరెండుగురిలో నొకడై, 1891లో నాగపూరు మహాసభకు అధ్యక్షుడయ్యెను.

ఆ అధ్యక్షోపన్యాసమే ఆయన కీర్తికి మూలమని నా తలపు. ఇన్ని మతములు, ఇన్ని భాషలు గల మీరు ఒక జాతి యెట్లగుదురని ఆక్షేపించినవారికి ఆయన రక్తసంబంధమునో పురాణవైభవమునో చూపలేదు. ఒకే దేశమున నివసించి, ఒకే శాసనాధికారమునకు లోబడి, ఒకే ప్రభుత్వమునకు పన్ను గట్టుచు, ఒకే పరిపాలన మంచిచెడ్డలు అనుభవించు ప్రజ ఒక జాతియే యని వాదించెను. ఇది కవి మాట కాదు, దస్తావేజు చదువుట నేర్చినవాని మాట. రెండు భాషలవారు ఒకే కచేరీ గడప త్రొక్కిన జిల్లాలో పుట్టుటవలననే ఆయనకట్లు తోచెనేమో!

1895 నుండి సామ్రాజ్య శాసనసభలో సభ్యుడై వాదించిన ఈతనిని, తరువాతి తరమువారు విన్నపముల రాజకీయజ్ఞుడని తేలికచేసిరి. విన్నపమునకైనను ప్రజలకు హక్కు కలదని ముందుగా ఎవరో ఒకరు చెప్పవలసియుండెను గదా!

1908లో ఆయన కాలధర్మము నొందెను. మూడేండ్లకు జిల్లా చీలి, కట్టమంచి కొత్త చిత్తూరు జిల్లాకును, ఒడుగత్తూరు ఉత్తరార్కాటికిని మిగిలినవి. పన్నును శాసనమును మునుపటివే; కాగితముల మూటతో ఒడుగత్తూరు రైతు మాత్రము వేలూరి దారి పట్టెను.