రోమ్‌లో రోజంతా నడక... షుగర్ మందు మాటేమిటి?

పొద్దున వాటికన్ మ్యూజియంలు, మధ్యాహ్నం కొలోసియం, చీకటి పడ్డాక ట్రెవీ ఫౌంటెన్. యూరప్ టూర్‌లో రోమ్‌కు చాలామంది కేటాయించేది ఒకటి రెండు రోజులే కాబట్టి అన్నీ ఒకేరోజు చుట్టేయాలనుకుంటారు. వాటికన్ మ్యూజియంలలో అన్ని గదులూ తిరిగితేనే దాదాపు 7 కిలోమీటర్లు. ఇంటి దగ్గర అరగంట వాకింగ్ చేసే అరవై ఏళ్ల పెద్దాయనకు ఇది మామూలు నడక కాదు. విదేశాలకు వెళ్లేముందు ఓపీకి వచ్చి మూడు నెలల మందులు రాయించుకునేవారు ఎందరో. అక్కడ రోజుకు ఎంత నడుస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. ముందు చెప్పాల్సింది అదే.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవారిలో నడక పెరిగి, భోజనం ఆలస్యమైతే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ. రోమ్‌లో చాలా హోటళ్లు మధ్యాహ్నం మూడు దాటితే వంటగది మూసేస్తాయి, మళ్లీ తెరిచేది రాత్రి ఏడు తర్వాతే. క్యూలో నిలబడి భోజనం తప్పిందంటే మందు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. మోతాదు తగ్గించాలా, ఎంత అన్నది బయల్దేరేముందే మీ డాక్టర్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి.

చెమటలు, వణుకు, చిరాకు, తడబడే మాట కనిపిస్తే ఇంట్లోవాళ్లు ‘ఎండకు నీరసం వచ్చింది’ అని నీడలో కూర్చోబెడతారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర లేదా అరగ్లాసు పండ్లరసం ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఒంటబడుతుంది. జీరో షుగర్ కూల్‌డ్రింక్ అసలే వద్దు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 112కు ఫోన్ చేయాలి. ఎక్కువ నడిచిన రోజు అర్ధరాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగడం మానేసేవారు, ముఖ్యంగా మహిళలు, ఎక్కువ. ఎండాకాలంలో అక్కడా 35 డిగ్రీలు దాటుతుంది. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ, షుగర్ మాత్రలు వాడేవారికి ఒళ్లు త్వరగా ఎండిపోయి కళ్లు తిరుగుతాయి. వీధుల్లో కనిపించే ‘నసోని’ కుళాయిల నీళ్లు తాగడానికి మంచివే. ఉచితం కూడా.

సెయింట్ పీటర్స్ గోపురానికి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా చివరి 320 నడవాల్సిందే. దారి పైకి పోయేకొద్దీ ఇరుకు. గుండెజబ్బు ఉన్నవారు కింద నుంచే చూస్తే చాలు.

వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్లు. టూర్ కోసం కొన్న కొత్త బూట్లు అక్కడే మొదటిసారి వేసుకోకండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. రాత్రి గదికి చేరగానే సాక్సు విప్పి, అరికాళ్లు, వేళ్ల సందులు ఇంకొకరితో చూపించుకోండి.