అటక మీది గొంతులు

అటక మీదో, పాత ట్రంకుపెట్టెలోనో నాలుగు కాసెట్లు పడి ఉండని ఇల్లు మనలో ఎందరికుంది చెప్పండి? ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి చూపించిన ఈ చిన్న డబ్బా 1980లలో మన పల్లెటూళ్ళ దాకా వచ్చేసింది. వాటిలో సినిమా పాటలే కాదు. తాతగారు చదివిన పద్యాలు, అమ్మమ్మ పాడిన మంగళహారతి, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన కబుర్లు కూడా ఉన్నాయి. సినిమా పాట పోతే ఇంకోచోట దొరుకుతుంది. అమ్మమ్మ గొంతు మాత్రం ఆ ఒక్క టేపులోనే ఉంది. కాబట్టి కంప్యూటర్లోకి ముందుగా ఎక్కించవలసినవి ఇలాంటివే.

అసలు కాసెట్టులో ఉన్నదేమిటి? నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న ప్లాస్టిక్ రిబ్బను, దానిమీద ఐరన్ ఆక్సైడు పూత. శబ్దమంతా ఆ రేణువుల అయస్కాంతత్వంలో దాగి ఉంటుంది. రిబ్బను సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్డును రాసుకుంటూ పోతే ఆ శబ్దం మళ్ళీ పుడుతుంది. తేమ తగలకుండా దాచిన టేపు నలభై ఏళ్ళ తర్వాత కూడా పలకవచ్చు. తరచు ముందుగా మూలపడేది టేపు కాదు, దాన్ని వాయించే యంత్రం. రబ్బరు బెల్టులు సాగిపోతాయి. బాగుచేసే మెకానిక్కు దొరకడమూ కష్టమే.

సరే, పనిలోకి దిగుదాం. కాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు బటన్ పడదు, పాత గొంతు చెరిగిపోయే భయం ఉండదు. వదులైన రిబ్బనును పెన్సిలుతో తిప్పి బిగించండి. ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టండి. బూజు పట్టినదాన్ని మాత్రం యంత్రంలో పెట్టవద్దు. ఆ బూజు హెడ్డుకు అంటి మిగతా కాసెట్లకూ పాకుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో హెడ్డు తుడవండి. రబ్బరు చక్రానికి తడిగుడ్డ చాలు. ముందు పోయినా ఫర్లేదనుకున్న కాసెట్టు ఒకటి వేసి, యంత్రం నమలడం లేదని తేలాకే అసలుది వేయాలి.

స్పీకరు ముందు సెల్‌ఫోన్ పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను చప్పుడు, వీధిలో హారను కూడా అందులోకి వస్తాయి. టేప్‌రికార్డరు లైన్ అవుట్ నుంచిగాని, అది లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచిగాని వైరుతో నేరుగా కలపడమే పద్ధతి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉన్నది మైకు రంధ్రమే. అది ఇంత బలమైన సంకేతాన్ని తట్టుకోలేదు. అంచేత లైన్ ఇన్ ఉన్న చిన్న యు.ఎస్.బి. ఆడియో పరికరం ఒకటి కొనుక్కోవాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, అంటే సీడీ ప్రమాణం మన అవసరానికి సరిపోతుంది. ఎంత గట్టి శబ్దమొచ్చినా ముల్లు మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేలా చూసుకోండి. సున్నా దాటితే శబ్దం తెగిపోతుంది, దాన్ని తిరిగి అతకలేం.

గొంతు ముసుగేసినట్టు వినిపిస్తోందా? ఆ కాసెట్టు వేరే యంత్రంలో, వేరే కోణంలో ఉన్న హెడ్డుతో రికార్డయి ఉండవచ్చు. హెడ్డు పక్కనున్న చిన్న మరను వింటూ వింటూ వెంట్రుకవాసి తిప్పితే ‘స’, ‘చ’ అక్షరాలు ఒక్కసారిగా తేటపడతాయి. చేయి తిరిగినవాళ్ళ చేత చేయించడం మంచిది.

ఈ పనికి దగ్గరదారి లేదు. అరవై నిమిషాల కాసెట్టుకు గంటా పడుతుంది. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్ల చొప్పున గంటకు 600 పైచిలుకు అవుతాయి. ఆ వేవ్ ఫైలును ముట్టుకోకుండా దాచాలి. బుసబుస తగ్గించాలనుకుంటే నకలు మీద చేసుకోండి. అతిగా తగ్గిస్తే మనిషి నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బంధువులకు పంపడానికి ఎం.పి.3 చాలు. వేవ్ నకళ్ళు రెండు మూడు వేర్వేరు చోట్ల ఉంచండి. కాసెట్టునూ పారేయకండి.

ఇంతా చేసి ఒకటి మరిస్తే మొత్తం వృథా. ఈ గొంతు ఎవరిది? ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ పెళ్ళి? ఇది చెప్పగలిగేది టేపు కాదు, కంప్యూటరూ కాదు, ఇంట్లోని పెద్దవాళ్ళే. టేపుకు కొంత గడువుంది, యంత్రానికి అంతకంటే తక్కువ. గొంతులు గుర్తుపట్టగల పెద్దవాళ్ళు మనతో ఎన్నాళ్ళుంటారో ఎవరం చెప్పగలం? వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి, వాళ్ళు చెప్పింది ఫైలు పేరులోనే రాసిపెట్టండి.

మిత్రులారా! ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటకకు నిచ్చెన వేయండి.