సైకిలు బాటకు రంగులు, గుర్తులు

మీర్‌పేట్ ఒకప్పుడు గ్రామ పంచాయతీ. జిల్లెలగూడతో కలిసి 2019లో నగరపాలక సంస్థయైనది. నగరము సమీపించిన కొలది గ్రామ మార్గములు రహదారులగును. మోటారు వాహనములు పెరుగును. అప్పుడు సైకిలుపై బడికి పోవు బాలునకు, పాలు కొనిపోవు రైతునకు చోటెక్కడ?

ఆ చోటును చదువురానివారును గుర్తించునట్లు మన దేశమున రహదారి గుర్తులు నిర్ణయింపబడినవి. నీలి వృత్తములో తెల్లని సైకిలు బొమ్మ యున్నచో అది సైకిళ్ళకు ప్రత్యేకించిన బాట. వృత్తమునకు ఎర్రని అంచున్నచో సైకిళ్ళకు ప్రవేశము లేదు. ఎర్రని అంచుగల త్రికోణములో సైకిలు బొమ్మ మోటారు వాహనదారులకు హెచ్చరిక: ముందు సైకిళ్ళు రోడ్డు దాటును.

బాటకు వేయు రంగు దేశమున కొక తీరు. నెదర్లాండ్స్‌లో ఎక్కువగా ఎరుపు. కోపెన్‌హేగన్ కూడళ్ళయందు నీలము. అమెరికాలో 2011లో ఆకుపచ్చకు అనుమతి లభించినది. రంగు ఏదైనను ఊరంతటను ఒకే అర్థము నీయవలెను. వాహనములు మలుపు తిరుగు కూడలివద్ద అది మరింత అవసరము.

హైదరాబాదు వెలుపలి వలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకముల పైకప్పు కలదు. ఇరుకు వీధులకు అట్టి వసతి సాధ్యము కాదు. అచ్చట రంగు, గుర్తులే ఆధారము. అయితే రంగు గోడ కాదు. దానిపై బండ్లు నిలిపినచో బాలుడు మరల లారీల నడుమకే పోవలెను.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి: మీ ఊరి రోడ్డు విస్తరణ ప్రణాళిక వచ్చినపుడు సైకిలు బాట ఎచ్చటనో ముందే అడుగుడు. వేసిన రంగు వెలసిపోకుండ, బాటకు అడ్డులేకుండ చూడుడు.