మూడు నిమిషాల పోరుకు నెలల కసరత్తు: రాష్ట్ర ఫెన్సింగ్ పోటీలకు అనుమతి ఎలా లభిస్తుంది?

రాయ్‌పూర్: ఫెన్సింగ్‌లో ప్రాథమిక దశ పోరు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ముందుగా ఐదు పాయింట్లు సాధించిన వారే విజేత. అయితే ఆ మూడు నిమిషాల ఫలితానికి విలువ దక్కేది కత్తి మొన వద్ద మాత్రమే కాదు. ఆ పోటీకి అనుమతి ఇచ్చింది ఎవరు, ఏ తేదీకి, ఏ నియమావళి ప్రకారం అన్న ప్రశ్నలకు కాగితంపై స్పష్టమైన సమాధానం ఉండాలి. అది లేనిపక్షంలో క్రీడాకారుని మెడలో పడిన పతకం జ్ఞాపికగానే మిగిలిపోతుంది. జాతీయ జట్టుకు ఎంపిక, ఉద్యోగాల్లో క్రీడా కోటా వంటి అవకాశాలకు అది అక్కరకు రాదు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోనూ, పొరుగున ఉన్న భిలాయి, బిలాస్‌పూర్ నగరాల్లోనూ రైల్వే, ఉక్కు పరిశ్రమల ఉద్యోగాల కారణంగా ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. పిల్లలను కొత్త క్రీడల వైపు ప్రోత్సహిస్తున్న తల్లిదండ్రులకు పోటీల నిర్వహణ వెనుక ఉన్న వ్యవస్థపై అవగాహన అవసరం.

నాలుగు మెట్ల నిచ్చెన

ఫెన్సింగ్ పాలన నాలుగు అంచెలుగా సాగుతుంది. అన్నింటికంటే పైన అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య ఉంది. 1913లో పారిస్‌లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం ప్రస్తుతం స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉంది. దాని కింద దేశానికొక జాతీయ సమాఖ్య ఉంటుంది. మన దేశంలో ఆ బాధ్యత 1974లో ఏర్పడిన భారత ఫెన్సింగ్ సంఘానిది. జాతీయ సంఘానికి అనుబంధంగా రాష్ట్ర సంఘాలు, వాటికి అనుబంధంగా జిల్లా సంఘాలు పనిచేస్తాయి.

2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడి ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు క్రీడా సంఘాలు కూడా కొత్తగా రిజిస్టరు కావాలి, జాతీయ సంఘం నుంచి విడిగా గుర్తింపు పొందాలి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత అక్కడి క్రీడా సంఘాలకూ ఇదే అనుభవం ఎదురైంది. ప్రస్తుతం ఛత్తీస్‌గఢ్‌లో 33 జిల్లాలు ఉన్నాయి. అనుబంధం ఉన్న జిల్లా సంఘం ద్వారా వచ్చిన క్రీడాకారునికే రాష్ట్ర పోటీలో ప్రవేశం లభించడం సాధారణ నియమం. ఆ మెట్టు దాటనిదే తరువాతి మెట్టు అందదు.

పై నుంచి కిందికి దిగే క్యాలెండర్

క్రీడాకారుడు నిచ్చెనను కింది నుంచి పైకి ఎక్కుతాడు. పోటీల తేదీలు మాత్రం పై నుంచి కిందికి దిగుతాయి. ముందుగా అంతర్జాతీయ సమాఖ్య ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, ప్రపంచ కప్ పోటీల తేదీలను ప్రకటిస్తుంది. ఆసియా పోటీలు వాటికి అనుగుణంగా ఖరారవుతాయి. జాతీయ సంఘం వాటిని దృష్టిలో ఉంచుకుని శిక్షణ, పోటీల వార్షిక క్యాలెండర్‌ను సిద్ధం చేస్తుంది. గుర్తింపు పొందిన జాతీయ సమాఖ్యలకు కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ, భారత క్రీడా ప్రాధికార సంస్థ అందించే ఆర్థిక సహాయానికి ఈ వార్షిక క్యాలెండరే ఆధారం.

రాష్ట్ర సంఘం పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. జాతీయ పోటీ తేదీ తెలియగానే అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి. జాతీయ పోటీకి పేర్లు పంపడానికి గడువు ఉంటుంది. ఆ గడువుకు ముందే రాష్ట్ర పోటీ ముగిసి జట్టు ఎంపిక కావాలి. రాష్ట్ర పోటీకి ముందు జిల్లా పోటీలు పూర్తి కావాలి. పైస్థాయిలో ఒక తేదీ మారితే కింది తేదీలన్నీ కదులుతాయి. ఆ మార్పు భారం చివరికి జిల్లాల్లోని పిల్లలపైనే పడుతుంది. రిజర్వు చేయించుకున్న రైలు టికెట్లు రద్దు చేసుకోవాలి, పాఠశాలలో మళ్లీ సెలవు అడగాలి.

ఛత్తీస్‌గఢ్‌కు సంబంధించినంత వరకు కొన్ని స్థానిక పరిమితులు కూడా ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చి నెలలు పరీక్షల కాలం. మే నెలలో రాయ్‌పూర్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మందపాటి రక్షణ దుస్తులు, లోహపు జాలీ మాస్క్ ధరించి ఆడే క్రీడకు ఆ వేడి అనుకూలం కాదు. వర్షాకాలంలో అటవీ ప్రాంతాల నుంచి ప్రయాణం కష్టమవుతుంది. బస్తర్ కేంద్రమైన జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దున ఉన్న కొంటా నుంచి వచ్చేవారు అంతకంటే ఎక్కువ దూరం ప్రయాణించాలి. దసరా, దీపావళి సెలవులనూ లెక్కలోకి తీసుకుంటే అనువైన వారాలు కొన్నే మిగులుతాయి. ఆ కొద్ది వారాల కోసమే ఇతర క్రీడల సంఘాలు కూడా నగరంలోని సర్దార్ బల్బీర్ సింగ్ జునేజా ఇండోర్ స్టేడియం వంటి వేదికలను కోరుకుంటాయి.

ఒక్క రోజు తేడా

క్యాలెండర్‌తో పాటే వయో విభాగాలు నిర్ణయమవుతాయి. అంతర్జాతీయ నియమావళిలో క్యాడెట్ విభాగం 17 ఏళ్లలోపు వారికి, జూనియర్ విభాగం 20 ఏళ్లలోపు వారికి ఉద్దేశించినవి. పోటీ జరిగే సంవత్సరానికి ముందు డిసెంబరు 31 అర్ధరాత్రి నాటి వయసును పరిగణనలోకి తీసుకుంటారు. ఉదాహరణకు 2009 జనవరి 1న పుట్టిన బాలిక 2026లో క్యాడెట్ విభాగంలో ఆడవచ్చు. అంతకు ఒక్క రోజు ముందు, 2008 డిసెంబరు 31న పుట్టిన బాలికకు ఆ అవకాశం లేదు. జనన ధ్రువీకరణ పత్రం తనిఖీకి సంఘాలు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. తప్పుడు వయసుతో ఒకరు జట్టులో చేరితే అర్హత గల మరొకరి స్థానం పోతుంది.

అనుమతి పత్రంలో ఏముంటుంది?

రాష్ట్ర పోటీ నిర్వహణకు సాధారణంగా ఒక జిల్లా సంఘం ముందుకు వస్తుంది. వేదిక, తేదీలు, వసతి, భోజనం, వైద్య సదుపాయం, పరికరాల వివరాలతో రాష్ట్ర సంఘానికి దరఖాస్తు చేస్తుంది. రాష్ట్ర కార్యవర్గం దానిని పరిశీలించి తేదీలు జాతీయ క్యాలెండర్‌తో ఘర్షణ పడవని నిర్ధారించుకున్న తరువాత అనుమతి ఇస్తుంది. ఆపై జిల్లాలన్నింటికీ సర్క్యులర్ వెళుతుంది. వయో విభాగాలు, ప్రవేశ రుసుము, పేర్ల నమోదు గడువు, తేవలసిన పత్రాలు అందులో ఉంటాయి. జాతీయ పోటీల విషయంలో ఇదే పద్ధతి ఒక మెట్టు పైన జరుగుతుంది. అక్కడ రాష్ట్ర సంఘం దరఖాస్తుదారు, భారత ఫెన్సింగ్ సంఘం నిర్ణేత.

అనుమతికి ముందు సాంకేతిక నిపుణులు వేసే ప్రధాన ప్రశ్న లెక్కకు సంబంధించినది. ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపీ, సేబర్ అనే మూడు రకాల ఆయుధాలు ఉన్నాయి. పురుషులకు, మహిళలకు వేర్వేరుగా వ్యక్తిగత, జట్టు పోటీలు జరిపితే ఒక్క వయో విభాగంలోనే 12 అంశాలు అవుతాయి. రోజుకు మూడు అంశాల చొప్పున నాలుగు రోజులు కావాలి.

ఒక అంశంలో 42 మంది పేర్లు నమోదైతే వారిని ఏడుగురు చొప్పున ఆరు పూల్స్‌గా విభజిస్తారు. పూల్‌లో ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడాలి కనుక ఒక్కో పూల్‌లో 21 పోరులు, మొత్తం 126 పోరులు జరుగుతాయి. ఆ తరువాత నాకౌట్ దశ. అక్కడ 15 పాయింట్ల పోరు ఉంటుంది. ఒక్కో పోరు వేదిక 14 మీటర్ల పొడవు ఉంటుంది. దీనినే పిస్ట్ అంటారు. ఆరు పిస్ట్‌లు, ఆరు విద్యుత్ స్కోరింగ్ యంత్రాలు, తగినంత మంది రిఫరీలు ఉంటే పూల్స్ దశ దాదాపు రెండు గంటల్లో ముగుస్తుంది. మూడు పిస్ట్‌లే ఉంటే నాలుగు గంటలు పడుతుంది. చివరి పోరులు రాత్రి వరకు సాగుతాయి. అలసట పెరిగే కొద్దీ గాయాల ముప్పు పెరుగుతుంది. అందువల్ల ఎంతమందిని ఆహ్వానించాలన్నది ఉత్సాహాన్ని బట్టి కాక పిస్ట్‌ల సంఖ్యను బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

నిష్పాక్షికతకు సంబంధించిన జాగ్రత్తలు కూడా ఈ దశలోనే తీసుకుంటారు. అంతర్జాతీయ పోటీల్లో ఒకే దేశం వారు ఒకే పూల్‌లో పడకుండా చూస్తారు. రాష్ట్ర స్థాయిలో అదే సూత్రాన్ని జిల్లాలకు వర్తింపజేస్తారు. వీలైనంత వరకు ఒక జిల్లా రిఫరీ అదే జిల్లా క్రీడాకారుని పోరుకు తీర్పరిగా ఉండకుండా జాగ్రత్త వహిస్తారు.

భద్రతకు ఒక చేదు పాఠం

ఆయుధ తనిఖీ బల్ల లేని పోటీకి అనుమతి ఇవ్వకూడదన్న నియమం వెనుక చరిత్ర ఉంది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ప్రత్యర్థి కత్తి విరిగి మాస్క్‌లోంచి దూసుకుపోవడంతో సోవియట్ యూనియన్‌కు చెందిన ఒలింపిక్ విజేత వ్లదీమిర్ స్మిర్నోవ్ తీవ్రంగా గాయపడి, కొన్ని రోజుల తరువాత మరణించారు. ఆ దుర్ఘటన తరువాతే మాస్క్‌లు, దుస్తులు, కత్తి ఉక్కు విషయంలో ప్రమాణాలు కఠినమయ్యాయి. నేడు అంతర్జాతీయ పోటీల్లో వాడే దుస్తులు 800 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. కత్తి మొన పనితీరును ఫాయిల్‌కు 500 గ్రాములు, ఎపీకి 750 గ్రాముల బరువుతో పరీక్షిస్తారు. పోటీ స్థలంలో వైద్యుడు, ప్రథమ చికిత్స సదుపాయం తప్పనిసరి.

ధ్రువపత్రానికి ప్రాణం ఎక్కడ?

అనుమతి ప్రక్రియ అసలు ప్రాముఖ్యం ధ్రువపత్రం దగ్గర బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాకు అర్హత గల క్రీడల సంఖ్యను 2020 సెప్టెంబరులో 43 నుంచి 63కు పెంచారు. కొత్తగా చేరిన 20 క్రీడల్లో ఫెన్సింగ్ ఒకటి. అయితే ఈ కోటా కింద దరఖాస్తు చేసేవారు జాతీయ స్థాయిలో రాష్ట్రానికి లేదా అంతర్జాతీయ స్థాయిలో దేశానికి ప్రాతినిధ్యం వహించినట్లు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం చూపాలి. జాతీయ స్థాయి ధ్రువపత్రంపై జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. ఇందుకు విశ్వవిద్యాలయ, పాఠశాల క్రీడలకు వేర్వేరు నమూనాలు ఉన్నాయి.

అంటే రాష్ట్ర పోటీలో గెలిచిన పతకం నేరుగా ఉద్యోగం తెచ్చిపెట్టదు. అది రాష్ట్ర జట్టులోకి దారి తెరుస్తుంది. ఫెన్సింగ్ జట్టులో ముగ్గురు ఆటగాళ్లు, ఒక ప్రత్యామ్నాయ ఆటగాడు ఉంటారు. అంటే నాలుగే స్థానాలు. వాటి కోసం జరిగే పోటీయే అనుమతి లేనిదైతే అందులో గెలిచినవారు నిచ్చెన బయటే నిలిచిపోతారు.

సంఘాల్లో చీలికలు వచ్చినప్పుడు ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది. ఒకే రాష్ట్రంలో రెండు వర్గాలు రెండు ‘రాష్ట్ర చాంపియన్‌షిప్‌లు’ నిర్వహించిన సందర్భాలు దేశంలో పలు క్రీడల్లో ఉన్నాయి. అటువంటి వేళ నష్టపోయేది వర్గాల నాయకులు కాదు, రుసుము కట్టి, ప్రయాణం చేసి, గెలిచి వచ్చిన పిల్లలు. ఇటువంటి వివాదాల పరిష్కారానికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ క్రీడా బోర్డును, జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌ను ప్రతిపాదించింది. అంతకుముందు వరకు 2011 నాటి జాతీయ క్రీడాభివృద్ధి నియమావళి ప్రధాన ఆధారంగా ఉండేది.

నిచ్చెన చివరి మెట్టు

ఈ క్రమానుగత వ్యవస్థ ఎక్కడికి చేర్చగలదో చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీ దేవి ప్రస్థానం చాటుతుంది. చెన్నైలో పుట్టిన ఈ సేబర్ క్రీడాకారిణి టోక్యో క్రీడల ద్వారా ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ ఫెన్సర్‌గా నిలిచారు. గుర్తింపు పొందిన అంతర్జాతీయ పోటీల్లో సంపాదించిన ర్యాంకింగ్ ఆధారంగానే ఆమెకు ఆ స్థానం దక్కింది. 2021 జూలై 26న తొలి పోరులో ట్యునీషియాకు చెందిన నాదియా బెన్ అజీజీపై 15-3 తేడాతో నెగ్గారు. తరువాతి పోరులో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడారు. 2023లో చైనాలోని వుషీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించారు. గుర్తింపు లేని పోటీల్లో ఎన్ని గెలిచినా ర్యాంకింగ్ జాబితాలో ఒక్క పాయింటు కూడా చేరదు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

పేరు నమోదుకు ముందు ఆ పోటీ రాష్ట్ర సంఘం క్యాలెండర్‌లో ఉందో లేదో చూసుకోవాలి. సర్క్యులర్‌పై సంఖ్య, తేదీ, బాధ్యుని సంతకం ఉన్నాయో గమనించాలి. ప్రవేశం జిల్లా సంఘం ద్వారానే జరిగేలా చూడాలి. రుసుముకు రసీదు తీసుకోవాలి. జనన ధ్రువీకరణ పత్రం, పాఠశాల రికార్డుల్లోని తేదీలు ఒకటేనా అని ముందే సరిచూసుకోవాలి. ఉద్యోగ బదిలీపై రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికో, హైదరాబాద్‌కో వెళ్లే కుటుంబాలు పాత రాష్ట్ర సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవడం మేలు. లేనిపక్షంలో కొత్త రాష్ట్రం తరఫున ఆడేందుకు ఇబ్బంది ఎదురుకావచ్చు.

జాతీయ జట్టు కలలతో తొలిసారి మాస్క్ ధరించే బాలబాలికలకు ఈ కాగితాల గొడవ పట్టకపోవచ్చు. వారి తరఫున ఆ శ్రద్ధ వహించవలసింది సంఘాలు, శిక్షకులు, తల్లిదండ్రులే.