తోడి యుద్యోగులతో మాటలాడుట

నేడు మనలో ననేకులు పాఠశాలలందును, ఆసుపత్రులందును, బ్యాంకులందును పనిచేయుచున్నారు. అచ్చట మన ప్రక్కనే పనిచేయువారిలో చూపులేనివారును, వినికిడి తక్కువైనవారును, చక్రముల కుర్చీలో వచ్చువారును గలరు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. వైకల్యము నూటికి 40 వంతులకు తక్కువగాని వారికి ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 పాళ్లు ప్రత్యేకించినది. ఉద్యోగములో నుండగా కాలో కన్నో పోయినవానిని ప్రభుత్వ కార్యాలయము తొలగింపరాదనియు శాసించినది. అతడు తిరిగివచ్చిన దినమున మనమేమందుమో చట్టము శాసింపజాలదు గదా!

పేరునకు ముందు "కుంటి", "గ్రుడ్డి" యని తగిలించుట పాతకాలపు మోటుతనము. ఆఫీసులలో పైకట్లనరు. "పాపము, చూపు లేకపోయినను ఎంత బాగుగా పనిచేయునో!" యందురు. ఇది పొగడ్తయా? వేఱొక గుమాస్తాను "కన్నులుండి చక్కగా పనిచేయుచున్నా"డని యెవరైన మెచ్చుకొందురా?

ఇక పెద్దమాటల సంగతి. "వికల" శబ్దమునకు లోపముగలదని యర్థము. అందువలన 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున "దివ్యాంగులు" అనుమాటను సూచించిరి. కొందరు దానిని మెచ్చిరి. బిరుదు మార్చినంతమాత్రమున చిన్నచూపు పోదని వైకల్యముగలవారి పక్షమున పనిచేయువారు పలువురు ఆక్షేపించిరి. నాకును వారి మాటయే సబబుగా తోచుచున్నది. మెట్లప్రక్క వాలుబాట లేనిచోట దివ్యత్వమెందుకు? ఏమని పిలువవలయునో ఆ మనిషినే యడుగుట మేలు. పెక్కుమారులు పేరే చాలును.

జనకుని సభలో తన వంకరలుచూచి నవ్విన పండితులను అష్టావక్రుడు తోలుపనివారితో పోల్చి సిగ్గుపఱచెనని లోకులు చెప్పుకొందురు. పిల్లలకు ఈ కథ చెప్పునపుడు నేనా పోలికను విడిచెదను. తన యవమానము తీర్చుకొనుటకు కష్టించు వారినొకరిని తక్కువచేయనేల? మన కార్యాలయములలోను ఇట్టిదే కలదు. వైకల్యమును గూర్చి మిక్కిలి మర్యాదగా మాటలాడువారే ఊడ్చు మనిషిని "ఏయ్" అని పిలిచెదరు.

వినికిడి తక్కువైనవారిని వెనుకనుండి కేకవేయక, ఎదుట నిలిచి, పెదవులు కనబడునట్లు మాటలాడుడు. చూపులేనివారి గదిలోనికి పోవునపుడు ముందుగా మీ పేరు చెప్పుడు. చేయిపట్టి లాగవలదు, తోడు కావలయునాయని యడుగుడు. "ఈవిడ కాఫీ త్రాగునా?" యని ప్రక్కవారిని గాక, ఆవిడనే యడుగుడు.